ఇల్లు సద్దుమణిగాక చూడాల్సిన సినిమాలు

సినిమా అంటే హాల్లోనే చూడాలని, ఇంట్లో చూస్తే సగం పోతుందని సినిమా ప్రేమికులు గట్టిగా చెబుతారు. చాలా సినిమాల విషయంలో ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ ‘దాసి’ని మాత్రం ఇంట్లోనే చూడాలని నేను వాదిస్తాను. అదీ రాత్రి తొమ్మిది దాటాక, గిన్నెలు సర్దడం అయిపోయి, వీధిలో బండ్ల రాకపోకలు తగ్గి, ఇల్లు సద్దుమణిగాక.

బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ సినిమా గంటన్నరకు అటూ ఇటుగా ఉంటుంది. 1920ల నాటి తెలంగాణ, ఒక దొర గడి, అంటే కోటలాంటి ఇల్లు. దొరల ఇళ్లలో పెళ్లయితే పెళ్లికూతురి వెంట అరణంగా పంపే పేదింటి ఆడపిల్లలను మన దగ్గర ఆడబాపలు అనేవారు. అలాంటి అమ్మాయి కమలాక్షి. పగలంతా గడిలో చాకిరీ. రాత్రి దొర పిలిస్తే వెళ్లాలి, గడికి వచ్చిన అతిథి దగ్గరికి పొమ్మంటే పోవాలి. గర్భం వస్తే అది నిలవాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. ఆ పాత్ర వేసిన అర్చన నోరు తెరిచి మాట్లాడేది చాలా తక్కువ. ఆమె నడిచే తీరు, తల వంచుకుని నిలబడే తీరు, చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడే తీరు, వీటితోనే కథ నడుస్తుంది. పక్క సీట్లో ఎవరో ఫోను మాట్లాడుతుంటే, వెనక వరుసలో చిప్స్ పొట్లాం చప్పుడవుతుంటే ఇలాంటి సినిమా చేతికి చిక్కదు.

ఆ ఏటి జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ‘దాసి’కి ఐదు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఏ.కె. బీర్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. ఈ సుదర్శన్ మన మిర్యాలగూడ మనిషి. ఆ తర్వాత జనం ఆయన్ను ‘దాసి’ సుదర్శన్ అనే పిలిచారు, సినిమా పేరే ఇంటిపేరైపోయింది. దొరసాని కట్టు, దాసి కట్టు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ గడిలో ఎవరు ఎవరి సొత్తో బట్టలే చెప్పేస్తాయి. ఇంత పని చేసిన కళాకారుడు మన జిల్లా మనిషే అయినా, ఆ సినిమా చూసినవాళ్లు మన జిల్లాలో ఎందరు? నల్గొండ గడియారం సెంటర్‌లో నిలబడి అడిగితే పేరు విన్నవాళ్లు దొరుకుతారు. చూసినవాళ్లు మాత్రం అరుదు.

నా బాధ, నా వాదన రెండూ ఇక్కడే మొదలవుతాయి. మన గురించి తీసిన మంచి సినిమాలను ఢిల్లీ చూసింది, ఎక్కడెక్కడి చిత్రోత్సవాలో చూశాయి. మన ఊళ్ల హాళ్లకు వచ్చినవి మాత్రం పెద్ద హీరోల బొమ్మలే. హాలు నడిపేవాళ్లను తప్పుపట్టలేం, సీట్లు నిండకపోతే వాళ్లకు పూట గడవదు. అయితే ఇప్పుడు పరిస్థితి మారింది. సీట్లు నిండనక్కర్లేదు, రోజుకు నాలుగు ఆటలు ఆడనక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక టీవీ చాలు. మన నేల మీద తీసిన సినిమా మన ఇంట్లోకి రావడానికి దారి ఇన్నేళ్లకు తెరుచుకుంది. అందుకే ఈ రాత్రికి ఏదైనా మంచి సినిమా చెప్పమని ఎవరడిగినా మొదట ఈ వైపు సినిమాలే చెబుతాను.

టీవీ తెరవగానే కనిపించే మొదటి వరుసలో అవి ఉండవు. ఆ వరుసలో ఈ వారం వచ్చినవి, ఎక్కువమంది చూస్తున్నవి ఉంటాయి. బొమ్మ మీద ఒక్క క్షణం ఆగితే చాలు, తుపాకుల మోతతో ట్రైలర్ మొదలవుతుంది. ఏది చూడాలో తేల్చుకోవడానికే ముప్పావుగంట పోతుంది, ఆ తర్వాత అందరికీ నిద్ర వస్తుంది. ఈ బాధ పడుతున్నవాళ్లకు నా సలహా ఒక్కటే. సినిమా పేరు సాయంత్రమే నిర్ణయించుకోండి. రాత్రి కూర్చోగానే నేరుగా పేరు కొట్టి వెతకండి. ఏ సినిమా ఏ యాప్‌లో ఉంటుందన్నది తరచూ మారుతుంది కాబట్టి నేను యాప్‌ల పేర్లు చెప్పడం లేదు. పాతవాటికి యూట్యూబులో కూడా చూడండి. ట్రైలర్లు తమంతట తాము మొదలయ్యే ఏర్పాటును సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయవచ్చు. టీవీలో మాటలు సన్నగా, పాటలు పెద్దగా వినిపిస్తుంటే సౌండు సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటుంది, అది పెట్టుకోండి. ఇవి చిన్న విషయాలే, కానీ నిద్రపోతున్న పిల్లలున్న ఇంట్లో సినిమా పూర్తవుతుందా లేదా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

మా వదినకు నా మాట నచ్చదు. రోజంతా పని చేసి అలసి వచ్చిన మనిషికి రాత్రిపూట కూడా బాధలే చూపించడం న్యాయమా అని అడుగుతుంది. ఆ ప్రశ్నలో న్యాయముంది, నేను కొట్టిపారేయను. కానీ మనసుకు హాయి కావాలంటే చప్పుడు ఎక్కువున్న సినిమానే పెట్టాలన్నది నేను ఒప్పుకోను. ఆమెకు నేను చెప్పింది ‘సత్యం సుందరం’. సి. ప్రేమ్ కుమార్ 2024లో తమిళంలో తీసిన ‘మెయ్యళగన్’కు అది తెలుగు రూపం. ఆస్తి గొడవల్లో సొంత ఇల్లు పోగొట్టుకుని ఊరు విడిచిపోయిన మనిషి, ఏళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి ఆ ఊరు వస్తాడు. అక్కడ ఒక చుట్టం అతన్ని ఎంతో ప్రేమగా పట్టుకుంటాడు. ఇతనికేమో ఆ చుట్టం పేరు గుర్తుకు రాదు, అడగడానికి మొహం చెల్లదు. సినిమాలో చాలా భాగం ఆ ఒక్క రాత్రి, ఆ ఇద్దరి మాటలు. అరవింద్ స్వామి, కార్తి ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటూ నటించారు. మన పెళ్లిళ్లలో ఇలాంటి చుట్టం తప్పకుండా ఉంటాడు. అందరినీ పలకరిస్తాడు, వడ్డనలో నిలబడతాడు, అతను ఎవరి తరఫో సగం మందికి తెలియదు. రెండున్నర గంటలకు పైగా ఉంటుంది కాబట్టి కాస్త ముందుగా మొదలుపెట్టండి. వదిన ఆ రాత్రి పూర్తిగా చూసింది. మర్నాడు వాళ్ల పిన్నికి ఫోను చేసింది.

ఇక నేను అందరికంటే ఎక్కువగా పట్టుబట్టి చూపించే జంట ఒకటి ఉంది. ‘సుస్మన్’, ‘మల్లేశం’. వీలైతే వరుసగా రెండు రాత్రులు చూడాలి.

‘సుస్మన్’ శ్యామ్ బెనెగల్ 1987లో తీసిన హిందీ సినిమా. కథ పోచంపల్లి నేతగాళ్లది. అప్పట్లో పోచంపల్లి మన నల్గొండ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. చేనేత సహకార సంఘాలే డబ్బు పెట్టి తీయించుకున్న సినిమా అది. నేతగాడు రాములుగా ఓం పురి, భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ. నగరం నుంచి వచ్చిన ఒకావిడ విదేశీ ప్రదర్శన కోసం మేలైన పట్టు నేయమని రాములుకు పని ఇస్తుంది. అందులోంచి కూతురి పెళ్లి చీరకు కొంత పట్టు పక్కకు తీయడం దగ్గర కథ ముడిపడుతుంది. ఊరందరి పెళ్లిళ్లకూ చీరలు నేసే ఇంట్లో సొంత బిడ్డ పెళ్లికి పట్టు చీర లేకపోవడం! మగ్గం ఉన్న ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది వింత కాదు, రోజూ చూసేదే. ఓం పురి మగ్గం గుంతలో కూర్చున్నప్పుడు వీపు వంగే తీరు మీద కన్ను పెట్టండి. నటుడు నేత నేర్చుకోకుండా ఆ వంపు రాదు.

అయినా ఆ సినిమాతో నాకొక పేచీ ఉంది. పోచంపల్లి మనుషులు ఇంట్లో కూర్చుని హిందీ మాట్లాడుకుంటారు. దేశమంతా చూడాలంటే అప్పుడు అదే దారి కావచ్చు. బెనెగల్ హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, ఈ నేల ఆయనకు తెలుసు. ‘అంకుర్’ దగ్గర నుంచి ఆయన చూపిన దొరలు, జీతగాళ్లు మనవాళ్లే. కానీ మగ్గం ముందు కూర్చున్న ఆమెకు ఆ సినిమా అర్థం కావాలంటే పక్కన ఎవరైనా చెబుతూ ఉండాలి. ఆ లోటు తీరడానికి మరో ముప్పై రెండేళ్లు పట్టింది.

2019లో వచ్చిన ‘మల్లేశం’ ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం జీవితం. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాజ్ ఆర్. తీసిన ఈ సినిమాలో మల్లేశంగా ప్రియదర్శి, తల్లిగా ఝాన్సీ నటించారు.

ఆసు అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టి, రంగు వేయడానికి ముందు దారాన్ని లెక్క తప్పకుండా పేర్చుకోవాలి. ఒక పక్క అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, ఎదురుగా ఒక మేకు. దారం పట్టుకుని ఆ కొసకూ ఈ కొసకూ చేయి ఆడిస్తూ పోవాలి. ఒక చీరకు అలా చేయి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. నేసినవాడి పేరు చీరతో పాటు నలుగురికీ తెలుస్తుంది, ఆసు పోసిన చేతి గురించి ఎవరూ అడగరు.

మా పెద్దమ్మది గట్టుప్పల్. వయసులో ఉన్నప్పుడు ఆసు పోసిన మనిషి. పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ‘మల్లేశం’ చూపించాను. మొదట్లో పత్తి వత్తులు చేసుకుంటూ ఓ కన్నుతో చూసింది. తల్లి ఆసు పోస్తున్న చోటికి వచ్చేసరికి వత్తులు పక్కన పెట్టేసింది. ఆమె కుడిచేయి మోకాలి మీద తెలియకుండానే కదలడం మొదలుపెట్టింది, తెరమీది చేయి అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు. కాసేపటికి ఎడమ చేత్తో భుజం పట్టుకుంది. సినిమా అయ్యాక ఏమీ విశ్లేషించలేదు. ఆ యంత్రం అప్పుడే వచ్చి ఉంటే తన చేయి ఇంకో పదేళ్లు పని చేసేదని మాత్రం అంది. ఇంత సూటిగా ఒక మనిషికి తగిలిన సినిమాకు నక్షత్రాల రేటింగు ఎంతైతే ఏమిటి?

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన చూడమనడానికి కారణముంది. మొదటిదానిలో బయటి నుంచి వచ్చిన పెద్దమనుషులు నేతగాడి చేతిని మెచ్చుకుంటారు. రెండోదానిలో ఆ ఇంటి కొడుకే తల్లి చేతి నొప్పికి మందు వెతుకుతాడు. ‘మల్లేశం’లో లోపాలు లేకపోలేదు. ద్వితీయార్ధంలో కష్టం మీద కష్టం పేర్చినట్లుంటుంది, పాటలు కొన్ని తగ్గించవచ్చు. అయినా అందులో మనుషులు మన ఇళ్లలో మాట్లాడినట్లే మాట్లాడతారు, అది నాకు చాలా పెద్ద విషయం.

‘బలగం’ గురించి కొత్తగా చెప్పేది లేదు, 2023లో ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని కలిసి చూశాయి. సిరిసిల్ల వైపు మాట, నల్గొండ మాటకు కొద్దిగా వేరు, అయినా కూరలో నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఇరవై ఏళ్లు సాగడం మనకెవరూ వివరించనక్కర్లేదు. కానీ ఈ సినిమాను ఎవరికి, ఎప్పుడు చెబుతున్నామో చూసుకోవాలి. చావు జరిగి నెల కూడా కాని ఇంటికి దీన్ని పంపకూడదు. పిట్ట వచ్చి ముద్ద ముట్టేవరకు వాకిట్లో నిలబడ్డ మనుషుల మొహాలు వాళ్లకు అప్పటికే కళ్ల ముందున్నాయి. ఏడాది మాసికం అయ్యాక చూడమనండి, అప్పుడు అదే సినిమా అన్నదమ్ములను ఒక గదిలో కూర్చోబెడుతుంది. సినిమా చెప్పడం కూడా బాధ్యతే అని నేను నమ్ముతాను. అవతలి మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా పేరు విసిరేయడం సరికాదు.

‘బలగం’ చూసి నచ్చినవాళ్లకు నేను చెప్పే తర్వాతి పేరు ‘తిథి’. రామ్ రెడ్డి 2015లో తీసిన కన్నడ సినిమా. మండ్య జిల్లాలో ఒక ఊళ్లో 101 ఏళ్ల సెంచురీ గౌడ చనిపోతాడు. పదకొండో రోజు కర్మ దాకా ఆ ఇంట్లో మూడు తరాల కథ. కొడుకు గడ్డప్ప దేనికీ అంటకుండా పొలాల వెంట తిరుగుతుంటాడు, మనవడికి భూమి అమ్మాలని ఆరాటం, మునిమనవడి మనసు గొర్రెలు కాసే అమ్మాయి మీద. నటించినవాళ్లంతా ఆ చుట్టుపక్కల ఊళ్ల మనుషులే. లొకార్నో చిత్రోత్సవంలో కొత్త దర్శకుల విభాగంలో దానికి అగ్ర బహుమతి వచ్చింది. ‘బలగం’లో చావు కుటుంబాన్ని కలుపుతుంది. ‘తిథి’లో చావు జరిగినా బతుకు తన దారిన తాను పోతూ ఉంటుంది, ఎవరూ ఎవరినీ పట్టుకుని ఏడవరు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం ఇంట్లో వినిపించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మండ్య కన్నడం వాళ్ల రాయచూరు కన్నడం కాదు, అయినా సబ్‌టైటిల్స్ లేకుండానే చాలావరకు అందుతుంది.

ఇంట్లో తాతలు, పిల్లలు కలిసి కూర్చునే రాత్రి అయితే ఇవన్నీ పక్కన పెట్టి కాంతారావు సినిమా పెట్టండి. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టి, కత్తి పట్టి జానపద సినిమాలను ఏలిన మనిషి. విఠలాచార్య తీసిన ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) చాలు. పిల్లలకు మాయలు, పెద్దవాళ్లకు వాళ్ల చిన్నతనం.

‘మా భూమి’ని మాత్రం ఒంటరిగా చూడమని ఎవరికీ చెప్పను. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఆ సినిమా కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా వచ్చింది. రామయ్యగా సాయిచంద్. అందులో పాడుతూ కనిపించేది గద్దర్. పసుల కాపరి పిల్లవాడి మీది పాట రాసింది సుద్దాల హనుమంతు, మన సుద్దాల ఊరి మనిషి. ఆ సినిమా చూపే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి గుండెకాయ అప్పటి నల్గొండ జిల్లా. 1946 జులై 4న ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా అప్పుడు ఈ జిల్లాలోనే ఉండేది. ఆ కాలం గురించి ఇంట్లో విన్న మాటలు చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లను పిలిచి, నులక మంచాలు వేసి, మధ్యలో ఆపుతూ చూడాల్సిన సినిమా అది. ఆపిన ప్రతిచోటా ఎవరో ఒకరు తమ ఊరి గడి కథ అందుకుంటారు. సినిమా ఆ రాత్రికి పూర్తి కాకపోయినా నష్టం లేదు.

మా మేనల్లుడు ఒకడు కోస్గి నుంచి పూణే వెళ్లి కట్టడాల పని చేస్తున్నాడు. షెడ్డులో రాత్రి అన్నం తిన్నాక ఫోనులో సినిమా చూస్తాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, పక్కన మరొకడు తెరలోకి తొంగిచూస్తూ. నేను పేర్లు పంపుతుంటాను. ‘మల్లేశం’ చూసి ఒక ప్రశ్న అడిగాడు. నేతోళ్ల మీద ఉంది సరే మామా, పాలమూరు వలస మీద ఇలాంటిది ఉంటే చెప్పు అన్నాడు. నేను చూసినవాటిలో అతని ముందు పెట్టగలిగినది ఒక పాట మాత్రమే. ‘కుబుసం’ సినిమాలో పల్లె కన్నీటి మీద గోరటి వెంకన్న రాసిన పాట. వెంకన్నది నాగర్‌కర్నూల్ వైపు గౌరారం, పాలమూరు గొంతు ఆయనది. పాట పంపాను, విన్నాడు. తనకు కావలసింది సినిమా అని మళ్లీ చెప్పాడు.

అతను అడిగింది న్యాయమైన కోరిక. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చే రోజు నుంచి, పిల్లలను అవ్వ దగ్గర వదిలి భార్యాభర్తలు బస్సెక్కే రాత్రి నుంచి, ఎక్కడో తెలియని ఊళ్లో డ్యామో మేడో కట్టి ఉగాదికి తిరిగి వచ్చేదాకా, ఆ బతుకు రెండు గంటల సినిమాకు తక్కువైన కథ కాదు. దానికి పెద్ద హీరో అవసరం లేదు, ‘తిథి’లో ఊరి మనుషులే చేశారు. మహబూబ్‌నగర్‌లో, దేవరకొండలో, అచ్చంపేటలో చిన్న సినిమాలు తీస్తున్న కుర్రవాళ్లు ఉన్నారు, ఫోనుతోనే తీసి యూట్యూబులో పెడుతున్నారు. వాళ్లలో ఎవరైనా ఈ కథ పట్టుకుంటే నాకు లింకు పంపండి. మొదట మేనల్లుడికి పంపి, ఆ తర్వాత ఇక్కడ రాస్తాను.